ఎన్‌కౌంటర్ అయ్యాక నిజం ఎవరు తేలుస్తారు? చటాన్‌పల్లి కేసులో కమిషన్ ఏం చెప్పింది.. ఆ రిపోర్ట్ తర్వాత ఏం జరిగింది?

బుచ్చిరెడ్డిపాలెం: 2019 డిసెంబరు 6, శుక్రవారం. పొద్దున్నే టీవీ పెట్టిన ప్రతి ఇంట్లో ఒకటే బ్రేకింగ్. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో 'దిశ' కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. బుచ్చిలో మా ఇంట్లో పెనం మీద దోసె మాడిపోతున్నా అమ్మ టీవీ ముందు నుంచి కదల్లేదు. "మంచి పని చేశారు" అంది. నేనూ అదే మాట వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాను.

స్టేటస్ 24 గంటల్లో పోయింది. కేసు మాత్రం పోలేదు. సుప్రీంకోర్టు కమిషన్ వేసింది. ఆ కమిషన్ రెండేళ్లు విచారించి, పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదని రాసింది. 10 మంది పోలీసులపై హత్య కేసు విచారణ జరగాలని చెప్పింది. చాలామంది ఇక్కడి వరకే చూసి వదిలేశారు. ఎన్‌కౌంటర్ విజువల్స్ చూసినంతగా ఆ రిపోర్ట్ వార్తను జనం చూడలేదు. చానల్‌లో పనిచేస్తున్నా కాబట్టి ఈ మాట మొహమాటం లేకుండా చెప్పగలను, మేమూ అంతగా చూపించలేదు.

అసలు ఒక పోలీసు కాల్పుల ఘటన జరిగాక నిజం తేలడానికి దారి ఏంటి? ఎఫ్ఐఆర్ ఎవరి మీద పెట్టాలి? పోస్టుమార్టం ఎవరు చేయాలి? కమిషన్ "ఇది హత్య" అన్నాక కూడా ఎవరినీ ఎందుకు అరెస్ట్ చేయరు? ఒక్కొక్కటీ చూద్దాం.

ఆ రోజు ఏం జరిగింది?

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా పక్కన ఒక యువ వెటర్నరీ డాక్టర్‌పై అత్యాచారం చేసి, చంపేశారు. మృతదేహాన్ని చటాన్‌పల్లి బ్రిడ్జి కింద కాల్చేశారు. ఆమె పేరు బయటపెట్టకూడదు కాబట్టి 'దిశ' అని పిలిచారు. పోలీసులు నలుగురిని అరెస్ట్ చేశారు. రాష్ట్రమంతా రోడ్డెక్కింది. డిసెంబరు 4న తెలంగాణ ప్రభుత్వం మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టును కేటాయించింది.

రెండు రోజులకే, డిసెంబరు 6 తెల్లవారుజామున, ఆధారాలు రికవరీ చేయాలంటూ నలుగురినీ చటాన్‌పల్లికి తీసుకెళ్లారు. వాళ్లు తమ కళ్లలో మట్టి కొట్టి, తుపాకులు లాక్కుని, రాళ్లు రువ్వి, కాల్పులు జరిపారని, ఆత్మరక్షణ కోసం తాము తిరిగి కాల్చాల్సి వచ్చిందని పోలీసులు చెప్పారు. అప్పటి సైబరాబాద్ కమిషనర్ వీసీ సజ్జనార్ అక్కడే ప్రెస్‌మీట్ పెట్టి ఇదంతా వివరించారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ విజువల్స్ మీకు గుర్తుండే ఉంటాయి.

ఒక విషయం మాత్రం ఎవరూ పెద్దగా గమనించలేదు. ఆ ఫాస్ట్‌ట్రాక్ కోర్టు ఈ కేసులో ఒక్క సాక్షిని కూడా వినలేదు. నిందితులు చనిపోతే వాళ్లపై క్రిమినల్ కేసు ముగిసిపోతుంది. అంటే దిశపై నేరం ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది కోర్టు ముందు పరీక్షకు నిలబడకుండానే ఆగిపోయింది. చనిపోయిన నలుగురి కుటుంబాలకే కాదు, దిశ కుటుంబానికీ కోర్టు తీర్పు అనేది దక్కలేదు.

'ఎన్‌కౌంటర్' అనే మాట చట్టంలో ఉందా?

లేదు. ఐపీసీలో లేదు, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. చట్టం దృష్టిలో ఒక మనిషి తూటా తగిలి చనిపోయాడు, అంతే. కాల్చింది పోలీసు అయినా, మీరైనా, నేనైనా ఆత్మరక్షణ హక్కు ఒకటే. పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, ఇప్పుడు న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఎదుటివాడి ప్రాణం తీసినా అది నేరం కాదని ఇవే చెబుతాయి.

కానీ "నేను ఆత్మరక్షణ కోసమే కాల్చాను" అని ఎవరు అంటున్నారో, దాన్ని చూపించాల్సింది కూడా వాళ్లే. సాక్ష్యాల చట్టం అదే చెబుతుంది. మరి అది ఎక్కడ చూపించాలి? ప్రెస్‌మీట్‌లోనా, కోర్టులోనా? గొడవంతా ఇక్కడే.

2009 ఫిబ్రవరి 6న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు జడ్జిల బెంచ్ దీనికి స్పష్టంగా జవాబు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం వేసిన కేసు అది. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ నమోదు చేసి దర్యాప్తు చేయాల్సిందే, ఆత్మరక్షణా కాదా అన్నది కోర్టు విచారణలో తేలాల్సిన విషయం, దర్యాప్తు అధికారి తనకు తాను తేల్చేసుకునేది కాదు అని బెంచ్ చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కొద్ది రోజులకే ఆ తీర్పు అమలుపై స్టే వచ్చింది.

మన దగ్గరి నుంచే మొదలైన రూల్స్

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఇంకో సంగతి. ఎన్‌కౌంటర్ మరణాలపై దేశమంతటికీ జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన తొలి మార్గదర్శకాలకు మూలం ఆంధ్రప్రదేశే. 1990ల్లో ఇక్కడ నక్సలైట్ల పేరుతో జరిగిన ఎన్‌కౌంటర్లపై పౌరహక్కుల సంఘం ఫిర్యాదులు చేసింది. కమిషన్ వాటిని విచారించి 1996 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. 1997 మార్చిలో అప్పటి ఛైర్‌పర్సన్ జస్టిస్ ఎంఎన్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. కాల్పులు జరిపిన స్టేషన్ పోలీసులే ఆ కేసు దర్యాప్తు చేయకూడదని, సీఐడీ లాంటి వేరే సంస్థకు ఇవ్వాలని అందులో ఉంది.

అంతకు ముందు 1977లో, ఎమర్జెన్సీ అయ్యాక, జస్టిస్ తార్కుండే నాయకత్వంలోని కమిటీ ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌కౌంటర్లపై నిజనిర్ధారణ చేసింది. ఒత్తిడి పెరిగాక ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను వేసింది. న్యాయవాది కేజీ కన్నబిరాన్ అక్కడ పోలీసు అధికారులను క్రాస్ ఎగ్జామిన్ చేశారు. తర్వాత విచారణను మూసిన తలుపుల వెనక్కి మార్చడంతో కమిటీ బహిష్కరించింది. నిజం బయటకు రాకుండానే ఆ వ్యవహారం ముగిసింది. కమిషన్ వేయడం ఒక ఎత్తు, తలుపులు తెరిచి విచారించడం ఇంకో ఎత్తు.

సుప్రీంకోర్టు 16 సూత్రాలు: ముఖ్యమైనవి ఇవీ

ఇప్పుడు దేశమంతా పాటించాల్సిన తీర్పు 2014 సెప్టెంబరు 23 నాటిది. పీయూసీఎల్ వర్సెస్ మహారాష్ట్ర కేసు. ముంబైలో జరిగిన ఎన్‌కౌంటర్లపై వచ్చిన ఈ కేసులో అప్పటి చీఫ్ జస్టిస్ ఆర్ఎం లోధా, జస్టిస్ రోహింటన్ నారిమన్ 16 సూత్రాలు పెట్టారు. అన్నీ ఇక్కడ చెప్పను, ఒక కుటుంబానికి నిజంగా పనికొచ్చేవి చెబుతా.

దర్యాప్తు సీఐడీ గానీ, వేరే స్టేషన్ పోలీసులు గానీ చేయాలి. వాళ్లపై ఉండే అధికారి, కాల్పులు జరిపిన టీమ్ హెడ్ కంటే కనీసం ఒక ర్యాంకు పైన ఉండాలి. మృతుడి బంధువులకు వీలైనంత తొందరగా కబురు చెప్పాలి. పోస్టుమార్టం జిల్లా ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీలైతే అందులో ఒకరు ఆస్పత్రి హెడ్ అయి ఉండాలి. మొత్తం వీడియో తీసి భద్రపరచాలి. కాల్చిన పోలీసులు తమ ఆయుధాలను ఫోరెన్సిక్, బాలిస్టిక్ పరీక్షలకు అప్పగించాలి. మెజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. ఘటన జరిగిన వెంటనే అవార్డులు, ప్రమోషన్లు ఇవ్వకూడదు. ఇవేవీ పాటించలేదని అనిపిస్తే కుటుంబం నేరుగా ఆ ప్రాంతం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయొచ్చు.

మన జిల్లాకు అన్వయించి చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఇలాంటిది బుచ్చి స్టేషన్ పరిధిలో జరిగిందనుకోండి (జరగకూడదనే కోరుకుందాం). బుచ్చి పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. పోస్టుమార్టం ఇక్కడ హడావుడిగా కానివ్వకూడదు, నెల్లూరు పెద్దాస్పత్రిలో ఇద్దరు డాక్టర్లతో కెమెరా ముందు జరగాలి. ఫిర్యాదు నెల్లూరు జిల్లా కోర్టుకు వెళ్తుంది. అక్కడా కాకపోతే అమరావతిలో హైకోర్టు.

సూత్రాలు బాగానే ఉన్నాయి. కానీ ఇందులో ఒక చిన్న సందు మిగిలిపోయింది. ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి అని తీర్పులో ఉంది. ఎవరి మీద అన్నది లేదు.

ఎఫ్ఐఆర్ చనిపోయిన వాళ్ల మీదే!

చటాన్‌పల్లిలో అదే జరిగింది. పోలీసు అధికారి ఫిర్యాదు మీద షాద్‌నగర్ స్టేషన్‌లో కేసు నమోదైంది. నిందితులు ఎవరంటే, చనిపోయిన నలుగురు. సెక్షన్ 307, అంటే పోలీసులపై హత్యాయత్నం. కాగితం మీద చూస్తే ఎఫ్ఐఆర్ ఉంది, రూల్ పాటించినట్టే. కానీ ఆ ఎఫ్ఐఆర్ ఎవరి చావు గురించి దర్యాప్తు చేస్తుంది? ఎవరి చావు గురించీ కాదు. నిందితులు బతికి లేరు కాబట్టి కేసు అలా మూసేయొచ్చు. చాలా ఎన్‌కౌంటర్ ఫైళ్లు ఇలాగే మూతపడ్డాయి.

ఇక్కడ మాత్రం మూతపడలేదు. డిసెంబరు 6 రాత్రే తెలంగాణ హైకోర్టు మృతదేహాలను భద్రపరచమంది. డిసెంబరు 7న జాతీయ మానవ హక్కుల కమిషన్ టీమ్ వచ్చింది. 8న రాష్ట్ర ప్రభుత్వం అప్పటి రాచకొండ కమిషనర్ మహేశ్ భగవత్ నాయకత్వంలో సిట్ వేసింది. 12న సుప్రీంకోర్టు ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించింది: సుప్రీంకోర్టు మాజీ జడ్జి జస్టిస్ వీఎస్ సిర్పుర్కర్, బొంబాయి హైకోర్టు మాజీ జడ్జి జస్టిస్ రేఖా సొండూర్ బల్డోటా, సీబీఐ మాజీ డైరెక్టర్ డీఆర్ కార్తికేయన్. డిసెంబరు 23న హైకోర్టు ఆదేశంతో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు గాంధీ ఆస్పత్రికి వచ్చి మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఆ తర్వాతే కుటుంబాలకు మృతదేహాలు అందాయి. అంటే 17 రోజుల తర్వాత.

ఆ 17 రోజులు ఆ ఊళ్లలో ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి. కొడుకు చేశాడంటున్న నేరానికి ఊరి ముందు తలెత్తుకోలేక, కొడుకు శవం కోసం ఎదురుచూస్తూ. వాళ్ల మీద సానుభూతి చూపమని నేను అడగను. కానీ ఏం జరిగిందో తెలుసుకునే హక్కు మాత్రం వాళ్లకు ఉంది. చట్టం ప్రకారం అది నేరస్తుడి తల్లిదండ్రులకైనా ఉంటుంది.

సిర్పుర్కర్ కమిషన్ ఏం తేల్చింది?

ఆరు నెలల్లో ఇవ్వాల్సిన రిపోర్ట్ కరోనా వల్ల ఆలస్యమై, 2022 జనవరి 28న సుప్రీంకోర్టుకు చేరింది. 387 పేజీలు. 2021లో కమిషన్ సజ్జనార్‌తో సహా పోలీసు అధికారులను, డాక్టర్లను, సాక్షులను పిలిచి ప్రశ్నించింది. ఆ వార్తలు అప్పట్లో వచ్చాయి కూడా. భార్గవ కమిషన్‌తో ఇక్కడే తేడా.

కమిషన్ చెప్పింది సూటిగా ఇదీ. నిందితులు తుపాకులు లాక్కున్నారన్నది నమ్మేలా లేదు. కళ్లలో మట్టి కొట్టారన్నదీ నమ్మేలా లేదు. వాళ్లు పోలీసులపై కాల్పులు జరిపారన్నదానికీ ఆధారం నిలబడలేదు. చంపాలనే ఉద్దేశంతోనే నలుగురిపై కాల్పులు జరిపారు. ఆ రోజు అక్కడున్న 10 మంది పోలీసులపై హత్య, ఉమ్మడి ఉద్దేశం, సాక్ష్యాల ధ్వంసం సెక్షన్ల కింద విచారణ జరగాలి.

ఇంకో విషయం. నలుగురిలో ముగ్గురు ఆ సమయానికి మైనర్లని కమిషన్ తేల్చింది. స్కూలు రికార్డులు తెప్పించి చూస్తే దొరికే విషయం అది. అరెస్ట్ చేసిన రోజున ఎవరూ ఆ పని చేయలేదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లకు ఎంత ఘోరమైన నేరం చేసినా ఉరిశిక్ష వేయడానికి లేదు. దిశ కేసు పూర్తిగా నడిచి, నేరం రుజువై, శిక్ష పడినా కోర్టు ఆ ముగ్గురికి మరణశిక్ష వేయలేకపోయేది. చటాన్‌పల్లిలో అది పడిపోయింది.

మైనర్ అయితే వదిలేయాలా అని మీకు కోపం రావచ్చు. వదిలేయమని చట్టమూ చెప్పలేదు. 16 ఏళ్లు దాటిన వాళ్లను ఘోరమైన నేరాల్లో పెద్దవాళ్లలా విచారించే వీలు అదే చట్టంలో ఉంది, బోర్డు పరిశీలించాక. కానీ అదంతా జరగాలంటే ముందు వయసు తేలాలి, దానికి ముందు వాళ్లు బతికుండాలి.

2022 మే 20న అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్వీ రమణ బెంచ్ ముందుకు ఈ రిపోర్ట్ వచ్చింది. సీల్డ్ కవర్‌లోనే ఉంచాలని రాష్ట్ర ప్రభుత్వం కోరింది. ఇందులో దాచాల్సింది ఏమీ లేదని బెంచ్ తేల్చి చెప్పి, రిపోర్ట్‌ను బయటపెట్టింది. తగిన చర్యల కోసం తెలంగాణ హైకోర్టుకు పంపింది.

మరి అరెస్టులు ఎందుకు జరగలేదు?

చాలామంది ఇక్కడే పొరబడతారు. కమిషన్ రిపోర్ట్ తీర్పు కాదు. 1952 నాటి ఎంక్వైరీ కమిషన్ల చట్టం కింద కమిషన్ నిజాలు సేకరిస్తుంది, సిఫార్సు చేస్తుంది. శిక్ష వేయలేదు. పైగా అదే చట్టంలోని సెక్షన్ 6 ప్రకారం కమిషన్ ముందు ఒక వ్యక్తి చెప్పిన మాటలను తర్వాత అతని మీదే సాక్ష్యంగా వాడటానికి వీల్లేదు, అబద్ధపు సాక్ష్యం చెప్పాడన్న కేసులో తప్ప. అంటే కమిషన్ ముందు బయటపడిన చాలా విషయాలను దర్యాప్తు అధికారి మళ్లీ మొదటి నుంచి సేకరించాలి. ఐదారేళ్ల తర్వాత బుల్లెట్లు ఎక్కడ దొరుకుతాయి? సీసీ ఫుటేజ్ ఎక్కడ ఉంటుంది?

రెండోది, పోలీసులు కూడా కోర్టుకు వెళ్లారు. తమ పేరు, ఉద్యోగం దెబ్బతినే విషయాలు రాసేటప్పుడు కమిషన్ తమకు సరిగ్గా నోటీసు ఇచ్చి వాదన వినలేదన్నది వాళ్ల మాట. ఇది తీసిపారేయాల్సిన వాదన కాదు. చనిపోయిన వాళ్లకు ఉండాల్సిన హక్కే కాల్చిన వాళ్లకూ ఉంటుంది. చెప్పేది వినకుండా దోషి అనకూడదు. 2024 మేలో తెలంగాణ హైకోర్టు కమిషన్ రిపోర్ట్ ఆధారంగా వాళ్లపై చర్యలు తీసుకోకుండా మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది.

మూడోది, ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీలో చేసిన పనిపై విచారణ మొదలుపెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న రూల్. పాత సీఆర్‌పీసీలో 197, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 218. కొత్త చట్టంలో ఒక మార్పు వచ్చింది: 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 2024 జులై 1 నుంచి ఇది అమల్లో ఉంది.

శేషాచలంలో ఏమైంది?

మన రాష్ట్రంలో, మన పక్క జిల్లాలోనే ఇంకో పెద్ద కేసు ఉంది. ఎర్రచందనం అంటే నెల్లూరు వాళ్లకు కొత్త కాదు, రాపూరు, ఉదయగిరి వైపు వెలిగొండల్లోనూ ఆ చెట్లు ఉన్నాయి. 2015 ఏప్రిల్ 7న చిత్తూరు జిల్లా చంద్రగిరి దగ్గర శేషాచలం అడవుల్లో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన వాళ్లే. రెండు చోట్ల కాల్పులు. కూలీలు రాళ్లు, గొడ్డళ్లతో దాడి చేశారని టాస్క్‌ఫోర్స్ చెప్పింది.

బతికి బయటపడిన వాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు వేరే కథ చెప్పారు. తమతో పాటు వచ్చిన వాళ్లను అంతకు ముందు రోజే బస్సులోంచి దించి తీసుకెళ్లారని. ఒకతను బస్సులో ఒక మహిళ పక్క సీట్లో కూర్చోవడం వల్ల తాను తప్పించుకున్నానని చెప్పాడు. చనిపోయిన ఒకరి భార్య హత్య కేసు పెట్టమని కోర్టుకెక్కింది. ఆరు మృతదేహాలకు మళ్లీ పోస్టుమార్టం జరిగింది.

అదే రోజు, అదే ఏప్రిల్ 7న, తెలంగాణలో ఆలేరు దగ్గర వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వ్యాన్‌లో కాల్పుల్లో చనిపోయారు. ఒక్కరోజులో రెండు తెలుగు రాష్ట్రాల్లో 25 మంది. చేతులకు బేడీలున్న మనిషి వ్యాన్‌లో తుపాకీ ఎలా లాక్కుంటాడన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. నాలుగేళ్లకు చటాన్‌పల్లిలోనూ అదే 'తుపాకీ లాక్కున్నారు' అన్న మాట వినిపించింది.

చటాన్‌పల్లికి, ఈ రెండింటికీ తేడా ఒక్కటే. అక్కడ రోజుల్లోపే సుప్రీంకోర్టు దిగింది. దేశమంతా చూస్తున్న కేసు కాబట్టి దిగింది. కూలీల కేసుకు అంత చూపు ఎక్కడ దొరుకుతుంది?

వీడియో ఉంటే నిజం తేలుతుందా?

ఫోన్‌లో వీడియోలు చూసే మీకు దీనికి జవాబు తెలుసు అనిపించొచ్చు. అమెరికాలో ఒక కేసు చూడండి. 2014 అక్టోబరు 20న చికాగోలో ఒక పోలీసు అధికారి 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడిని 16 సార్లు కాల్చాడు. కత్తితో మీదకు వచ్చాడని పోలీసుల వాదన. పోలీసు కారు కెమెరాలో వీడియో ఉంది. నగర పాలకులు ఏడాదికి పైగా దాన్ని ఇవ్వలేదు. ఒక స్వతంత్ర జర్నలిస్టు కోర్టుకు వెళ్లి సాధించాక 2015 నవంబరు 24న అది బయటికొచ్చింది. కుర్రాడు పోలీసుల మీదకు రావడం లేదు, పక్కకు నడిచి వెళ్తున్నాడు. అదే రోజు ఆ అధికారిపై హత్య అభియోగం పెట్టారు. 2018లో జ్యూరీ దోషిగా తేల్చింది. వీడియో మొదటి రోజు నుంచీ వాళ్ల దగ్గరే ఉందన్నది గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో దేశంలోని ప్రతి పోలీసు స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలంది. గేటు, లాకప్, కారిడార్, ఇన్‌స్పెక్టర్ గది, వెనక భాగం అన్నీ కవర్ కావాలి. ఫుటేజ్ 18 నెలలు ఉండాలి. పరికరాలు అంత సామర్థ్యంతో దొరక్కపోతే కనీసం ఏడాది. పోలీసులు మాటలకు, అరెస్టులకు వీడియో రికార్డు ఉండాలని, ఒంటి మీద కెమెరాలు వాడాలని సిర్పుర్కర్ కమిషన్ కూడా సిఫార్సు చేసింది. నిజాయితీగా డ్యూటీ చేసే పోలీసుకు కెమెరా కంటే మంచి సాక్షి ఉండదు. నిజంగానే దాడి జరిగి, ప్రాణం కాపాడుకోవడానికి కాల్చిన కానిస్టేబుల్‌ను జీవితాంతం అనుమానం నుంచి కాపాడేది అదే.

కుటుంబం చేతిలో ఏముంది?

టైమే అన్నిటికంటే ముఖ్యం. మొదటి రెండు రోజుల్లో పోయిన ఆధారాన్ని ఏ కమిషన్ తర్వాత తెచ్చివ్వలేదు.

అంత్యక్రియలకు తొందరపెట్టినా, పోస్టుమార్టం వీడియో తీశారా, ఇద్దరు డాక్టర్లు చేశారా అని రాతపూర్వకంగా అడగాలి. మొదటి పోస్టుమార్టం మీద అనుమానం ఉంటే దహనం చేయకుండానే హైకోర్టుకు వెళ్లాలి. చటాన్‌పల్లి కేసులో మృతదేహాలు ఉన్నాయి కాబట్టే ఎయిమ్స్ డాక్టర్లకు పరీక్షించడానికి ఏదో మిగిలింది. స్టేషన్ సీసీ ఫుటేజ్ భద్రపరచమని మొదటి వారంలోనే ఎస్పీకి, మెజిస్ట్రేట్‌కు అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి. కస్టడీలో ఉన్న మనిషి చనిపోతే మెజిస్ట్రేట్ విచారణ జరగాలని నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 196 చెబుతోంది. ఆ విచారణలో బంధువులు వాంగ్మూలం ఇవ్వొచ్చు. నోటీసు కోసం ఎదురుచూడకుండా ముందే అడగడం మంచిది.

లాయర్‌కు డబ్బుల్లేవని ఆగక్కర్లేదు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్న వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. హెల్ప్‌లైన్ నంబరు 15100.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఆఫీసు కర్నూలులో ఉంది. బుచ్చి నుంచి అంత దూరం బస్సులో పోయి రావడం కూలీ కుటుంబానికి ఒకటి రెండు రోజుల పని పోగొట్టుకోవడమే. అందుకే జాతీయ కమిషన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడం మేలు, దానికి లాయర్ కూడా అక్కర్లేదు. కానీ ఒక గడువు ఉంది. ఘటన జరిగిన ఏడాది దాటితే 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 36 ప్రకారం కమిషన్ ఆ ఫిర్యాదును విచారించలేదు. దుఃఖంలో, భయంలో ఆ ఏడాది ఎలా గడిచిపోతుందో ఆ ఇంట్లో వాళ్లకే తెలుసు. ఫిర్యాదు రాసిన తేదీ, ఇచ్చిన రసీదు, పోస్టుమార్టం కాపీ.. ఈ మూడూ ఫోన్‌లో ఫొటో తీసి ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.